బుడగ ఆగితే బీరు అయినట్టేనా?

మా మిత్రుడొకాయన ఇంగ్లండులో పరిశోధన చేసుకుంటూ మరో నలుగురు విద్యార్థులతో కలిసి ఒక అద్దె ఇంట్లో ఉండేవాడు. ఆ దేశంలో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడం నేరం కాదు. బజార్లో డబ్బాల్లో దొరికే మాల్టు పాకం తెచ్చి, వేడినీళ్లలో కలిపి, చల్లారాక ఈస్టు చల్లి, 20 లీటర్ల ప్లాస్టిక్ తొట్టిలో పులియబెట్టారు. తొట్టి మూతకు చిన్న నీళ్ల గొట్టం ఉంటుంది. లోపలి గ్యాసు అందులోంచి బుడగలుగా బయటికి పోతుంది గాని బయటి గాలి లోపలికి రాదు. నాలుగు రోజులు బుడబుడమని బుడగలు వచ్చాయి. అయిదో రోజు మందగించాయి. ఏడో రోజుకు ఆగిపోయాయి. ఇంకేముంది, అయిపోయిందనుకుని చక్కెర కలిపి సీసాల్లో పోసి, రేకు మూతలు బిగించి, వంటింటి అల్మరాలో సర్దారు.

పన్నెండో రోజు రాత్రి రెండింటికి మొదటి సీసా పేలింది. దాని దెబ్బకు పక్కన రెండు పేలాయి. గాజుముక్క ఒకటి అల్మరా తలుపు చెక్కలోకి దిగబడింది. అంతా నిద్రలో ఉన్నారు కాబట్టి సరిపోయింది. అదే పొద్దున టీ కప్పు కోసం ఎవరైనా ఆ తలుపు తీసి ఉంటే కళ్లు పోయేవి.

ఆ మిత్రుడు గీత కార్మికుల ఇంట్లో పుట్టినవాడు. మాకు రాసిన ఉత్తరంలో ఒక మాటన్నాడు: "మా తాత కుండ దగ్గర చెవి పెట్టి కల్లు సంగతి చెప్పేటోడు. నాకు ఇన్ని డిగ్రీలుండి ఏడు రోజులు కళ్లముందర పెట్టుకుని తెలుసుకోలేకపోయిన." ఈ మాట మమ్మల్ని చాలా రోజులు పట్టుకుంది. మా చర్చల్లో దీనికి రెండు రకాల జవాబులొచ్చాయి. ఒకటి, తాతల జ్ఞానాన్ని పోగొట్టుకున్నాం, దాన్ని తిరిగి తెచ్చుకుంటే చాలు అని. రెండోది, చెవి ముక్కు అంతా పాతకాలపు గుడ్డి లెక్క, శాస్త్రం వేరు అని. రెండూ తప్పేనని మా అభిప్రాయం. ఎందుకు తప్పో తెలియాలంటే తొట్టిలో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చూడాలి.

బార్లీని నానబెట్టి మొలకెత్తించి ఎండబెడితే అది మాల్టు. దాన్ని దాదాపు 65 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండిపదార్థం తీపి రసంగా మారుతుంది. హాప్స్ పువ్వు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. ఈస్టు ఆ చక్కెరను తిని, బరువులో ఇంచుమించు సగం ఆల్కహాలుగానూ మిగతా సగం కార్బన్ డయాక్సైడు గ్యాసుగానూ వదులుతుంది. ఇది సజీవమైన పని అని, గాలికి దానంతటది జరిగే మార్పు కాదని పాశ్చర్ వాదించాడు. బీరు మీద ఆయన పుస్తకం 1876లో వచ్చింది. ఐతే రసంలోని తీపి అంతా ఈస్టుకు పనికిరాదు. డెక్స్‌ట్రిన్లనే పెద్ద అణువులను మామూలు బీరు ఈస్టు తినలేదు. అవి అట్లాగే మిగిలి బీరుకు చిక్కదనాన్నిస్తాయి. కాబట్టి "పులియడం పూర్తయింది" అంటే చక్కెర సున్నా అయిందని కాదు. ఆ ఈస్టు తినగలిగినదంతా తినేసిందని అర్థం. చిక్కంతా ఇక్కడే ఉంది. తినడం అయిపోయి ఊరుకుందా, తిండి ఉండగానే అలిసిపోయి పడుకుందా? బయటినుంచి చూస్తే రెండూ ఒకే రకంగా కనపడతాయి.

బుడగలు ఈ తేడాను చెప్పవు. పైగా అబద్ధం కూడా చెబుతాయి. మూత సరిగా కూచోకపోతే గ్యాసు పక్కనుంచి పోతుంది, గొట్టంలో బుడగే ఉండదు, లోపల మాత్రం జోరుగా పులుస్తుంటుంది. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. పులియడం ముగిసిన వారానికి గది వేడెక్కితే, ద్రవంలో కరిగి ఉన్న గ్యాసు బయటికొచ్చి గొట్టంలో మళ్లీ బుడగలాడుతుంది. నురగ కిందికి దిగి తొట్టి గోడకు గోధుమరంగు చార మిగలడం, పైన తేట తేరడం, అడుగున మడ్డి పేరుకోవడం మంచి గుర్తులే. ఇంచుమించు అయిందని అవి చెప్పగలవు. సీసాకు మాత్రం ఇంచుమించు చాలదు.

మన పల్లెల్లో పాలకేంద్రం చూసినవాళ్లకు లాక్టోమీటరు తెలుసు. గాజు బుడ్డికి పైన సన్నటి కాడ ఉంటుంది. పాలు చిక్కగా ఉంటే తేలుతుంది, నీళ్లు కలిస్తే మునుగుతుంది. ఒక్క బర్రె ఉన్న ఆడమనిషి ఆ కాడ మీద అంకె ఎక్కడ ఆగుతుందా అని ఊపిరి బిగబట్టి నిలబడటం మనం చూసినదే. బీరు కాచేవాళ్లు వాడే హైడ్రోమీటరు దీని తోబుట్టువే. చక్కెర కరిగిన నీళ్లు మామూలు నీళ్లకంటే బరువు. నీటిని 1.000 అనుకుంటే, పులియకముందు మామూలు బీరు రసం 1.048 దగ్గర ఉంటుంది. ఈస్టు చక్కెరను తినేకొద్దీ, నీళ్లకంటే తేలికైన ఆల్కహాలు పెరిగేకొద్దీ, ఆ అంకె దిగుతూ వస్తుంది. చివరికి 1.012 దగ్గర ఆగిందనుకోండి. 48 పాయింట్లలో 36 దిగాయి, అంటే 75 శాతం. ఆ 36ను 0.131తో హెచ్చిస్తే ఆల్కహాలు శాతం 4.7 వస్తుంది. తేనె, ఆపిల్ రసం లాంటివైతే 1.000 కంటే కిందికే పోతాయి, వాటిలో డెక్స్‌ట్రిన్లు ఉండవు గనక.

ఈ పరికరం గురించి మాకొక పాత బాధ ఉంది. ఇంటర్ ప్రాక్టికల్సులో మేం హైడ్రోమీటరు బొమ్మను రికార్డులో చక్కగా గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. కాలేజీలో ఉన్న ఒక్క పరికరం అద్దాల బీరువాలో తాళం వెనక ఉండేది. పగలగొడతారని మా చేతికి ఇవ్వలేదు. ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన మొదటి తరం పిల్లలకు సైన్సు ఇట్లా బొమ్మగానే వచ్చింది, వస్తువుగా రాలేదు. మిత్రుడు ఇంగ్లండులో ఐదారు పౌన్లు పెట్టి దాన్ని కొనకపోవడానికి కారణం పిసినారితనం కాదు. అది తన చేతికి అందే వస్తువని అతనికి తోచనే లేదు.

కొలిచే పద్ధతి కష్టం కాదు గాని మూడు జాగ్రత్తలున్నాయి. తొట్టికింది కుళాయి నుంచి శుభ్రమైన పొడుగు గాజుగొట్టంలోకి కొంచెం బీరు పట్టాలి. కొలిచాక దాన్ని తిరిగి తొట్టిలో పోయకూడదు. రుచి చూసి తాగేయొచ్చు. ఆ గొట్టంతో వచ్చే సూక్ష్మజీవులు తొట్టినంతా పులుపెక్కించగలవు. రెండోది, బీరులో గ్యాసుంటే బుడగలు హైడ్రోమీటరు చుట్టూ అంటుకుని దాన్ని పైకి లేపుతాయి, అంకె ఎక్కువ చూపిస్తుంది. రెండు గ్లాసుల మధ్య, మనం టీ చల్లార్చినట్టు, నాలుగైదుసార్లు తిరగబోసి, తర్వాత పరికరాన్ని వేళ్లతో గిర్రున తిప్పి వదలాలి. మూడోది వేడి. చాలా పరికరాలు 20 డిగ్రీల దగ్గర సరిచూసినవి. 30 డిగ్రీల ద్రవంలో ముంచితే అసలుకంటే దాదాపు రెండున్నర పాయింట్లు తక్కువ చూపిస్తాయి, ఆ మేరకు కలుపుకోవాలి.

ఒక్కసారి కొలిస్తే ఏమీ తేలదు. ఇవాళ 1.014 ఉందంటే అది ఆగిన చోటో, దిగుతూ దాటుతున్న చోటో తెలియదు. రెండు మూడు రోజులు ఆగి మళ్లీ కొలవాలి. అదే అంకె వస్తే ఆగినట్టు. మామూలు ఏల్ బీరు 18 నుంచి 22 డిగ్రీల దగ్గర ఒకటి రెండు వారాల్లో ఈ దశకు వస్తుంది. చల్లటి చోట పులిసే లాగరుకు ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. క్యాలెండరును నమ్ముకోవద్దు.

ఆగినంత మాత్రాన అయినట్టు కాదని ముందే అన్నాం. అంకె 1.020 దగ్గర మూడు రోజులు కదలలేదనుకోండి. మొదలు 1.048 అయితే సగానికి కొంచెం పైన మాత్రమే దిగినట్టు. ఈస్టు ప్యాకెట్టు మీద అది ఎంత శాతం తింటుందో రాసి ఉంటుంది, మామూలుగా 70 నుంచి 80 మధ్య. దానికి చాలా దూరంలో ఆగితే అనుమానించాలి. చలికి ఈస్టు ముడుచుకుపోయి ఉండొచ్చు, మొదట్లో వేసింది తక్కువై ఉండొచ్చు. లేదా మాల్టును 70 డిగ్రీలకు దగ్గరగా ఉడికించి ఉంటే డెక్స్‌ట్రిన్లు ఎక్కువై అదే నిజమైన చివర కావచ్చు. ఏదో ఎట్లా తేల్చుకోవాలి? బీరు ఫ్యాక్టరీల్లో చేసే చిన్న పరీక్ష ఒకటుంది. గ్లాసెడు బీరు వేరే సీసాలోకి తీసి, అవసరానికి మించి తాజా ఈస్టు వేసి, మూత వదులుగా పెట్టి, వెచ్చని చోట ఉంచి అప్పుడప్పుడూ కదుపుతూ రెండు మూడు రోజులు వదిలేస్తారు. ఆ గ్లాసెడు ఏ అంకెకు దిగితే తొట్టి కూడా అక్కడిదాకా దిగగలదు. గ్లాసు 1.012కు పోయి తొట్టి 1.020 దగ్గరే ఉంటే, తొట్టిలో ఇంకా తిండి ఉంది. దాన్ని వెచ్చబరిచి, అడుగు మడ్డిని మెల్లగా కదిపి, మళ్లీ వేచి చూడాలి.

ముక్కుకు పని ఇక్కడే ఉంది. ఈస్టు పని చేస్తున్నప్పుడు డయాసిటైలు అనే పదార్థానికి మూలమైనదాన్ని బయటికి వదులుతుంది, చివర్లో దాన్ని తనే తిరిగి పీల్చుకుంటుంది. అది మిగిలితే బీరుకు వెన్న వాసన వస్తుంది. రెండు గ్లాసుల్లో బీరు తీసుకుని, ఒకదాన్ని మూతపెట్టి 60 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, చల్లార్చి, రెండోదాంతో పోల్చి వాసన చూస్తే తెలిసిపోతుంది. వేడిచేసిన గ్లాసులో వెన్న వాసన ఉంటే అంకె ఆగినా ఈస్టు పని ఆగలేదన్నమాట. మరో రెండు మూడు రోజులు ఈస్టు మీదనే వదలాలి. పచ్చి ఆపిల్ వాసన కూడా తొందరపడ్డామనే చెబుతుంది. ఈ సంగతులు హైడ్రోమీటరుకు ఎప్పటికీ తెలియవు.

ఇప్పుడు సీసా లెక్క. తొట్టిలోంచి తీసిన బీరులో గ్యాసు చాలా తక్కువ. అందుకే సీసాలో పోసేముందు లీటరుకు 6 గ్రాముల చక్కెర, అంటే 20 లీటర్లకు 120 గ్రాములు, కావాలనే కలుపుతారు. మూత బిగించాక ఈస్టు ఆ కాస్త తిని గ్యాసు పుట్టిస్తుంది, అదే పొంగు. అప్పుడు బీరులో, దాని పరిమాణానికి దాదాపు రెండున్నర రెట్ల గ్యాసు కరిగి ఉంటుంది. సీసా లోపలి వత్తిడి ఇంచుమించు కారు టైరులో గాలంత. మామూలు బీరు సీసా దీన్ని తట్టుకుంటుంది. ఐతే పులియకుండా మిగిలిపోయిన ప్రతి రెండు పాయింట్లకూ ఇంకో రెట్టు గ్యాసు చేరుతుంది. నాలుగు పాయింట్లు మిగిలితే రెండు రెట్లు అదనం, వత్తిడి రెట్టింపు దాటుతుంది. మా మిత్రుడి ఇంట్లో ఏం జరిగిందో ఇప్పుడు ఊహించొచ్చు. చలికాలం, తొట్టి పెట్టిన వెనక గది చల్లన. ఈస్టు మధ్యలో పడుకుంది. సీసాలు చేరిన అల్మరా వేడినీళ్ల బాయిలరు పక్కన. అక్కడ వెచ్చదనం తగిలి ఈస్టు నిద్రలేచింది. మిగిలిపోయిన తిండికి తోడు, మనవాళ్లు అదనంగా చక్కెర కూడా పెట్టి మరీ మూత వేశారు.

తాత చెవి సంగతికి వద్దాం. తాత విన్నది నిజమే. ఐతే ఆయన వింటున్నది వేరే ప్రశ్నకు జవాబు. చెట్టు మీద లొట్టిలో పడుతుండగానే కల్లు పులవడం మొదలవుతుంది. పులవకూడదనుకుంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. తాగేవాడికి కావల్సింది పులుస్తున్న కల్లు, పులిసిపోయిన కల్లు కాదు. రేపటికి అది పుల్లబడి పనికిరాదు. ఆయన చెవి "ఇప్పుడు తాగొచ్చా?" అనే ప్రశ్నకు తయారైనది. "బిరడా వేసి మూడు నెలలు అల్మరాలో పెట్టొచ్చా?" అని ఆయన్నెవరూ అడగలేదు. అడిగితే బిరడా ఎందుకురా అని నవ్వేవాడేమో.

ఇదే తేడా దక్షిణాఫ్రికాలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ నల్లజాతి స్త్రీలు ఇళ్లలో కాచే బీరు ఉమ్‌ఖొంబోతి. మొక్కజొన్న పిండి, మొలకెత్తించిన జొన్న దాని సరుకులు. ముందు పులుపెక్కనిచ్చి, ఉడికించి, చల్లారాక మళ్లీ జొన్న మాల్టు కలిపి ఒకటి రెండు రోజులు ఉంచి వడకడతారు. తయారైందో లేదో చూడటానికి తొట్టి దగ్గర అగ్గిపుల్ల గీస్తారు. పుల్ల చప్పున ఆరిపోతే బీరు సిద్ధం. వెలుగుతూ ఉంటే ఇంకా కాలేదు. ఆరిపోవడానికి కారణం తొట్టిపైన పేరుకున్న కార్బన్ డయాక్సైడు. ఒక్కసారి ఆలోచించండి. అదే గ్యాసు ఆ ఆడవాళ్లకు "అయింది" అని చెబితే, సీసాల వాడికి "ఇంకా కాలేదు" అని చెబుతోంది. ఇద్దరూ రైటే. బీరును పులుస్తుండగానే తెరిచిన కుండలోంచి తాగే సమాజం ఆ గుర్తును ఎంచుకుంది. తర్వాత ఫ్యాక్టరీలు జొన్నబీరును అట్టడబ్బాల్లో అమ్మినప్పుడు కూడా గ్యాసు బయటికి పోయే సందు ఉంచారు. అసలైన జవాబు అదే. పులుస్తున్నదాన్ని బిగించవద్దు.

ఆ స్త్రీల బీరు మీద ప్రభుత్వం కన్ను పడింది రుచి కోసం కాదు. 1908లో నాటాలులో వచ్చిన చట్టం ఆధారంగా డర్బన్ మునిసిపాలిటీ జొన్నబీరు కాచి అమ్మే గుత్తహక్కును తన చేతుల్లో పెట్టుకుంది. నల్లవాళ్లు తాగిన డబ్బుతోనే నల్లవాళ్లను అదుపు చేసే యంత్రాంగం నడిచింది. ఇళ్లలో కాచిన బీరును పోలీసులు నేలపాలు చేసేవాళ్లు. 1959 జూన్‌లో డర్బన్ దగ్గరి కాటో మేనరులో స్త్రీలు మునిసిపల్ బీరుహాలు మీదికి దండెత్తారు. 1976లో సొవెటో విద్యార్థులు తగలబెట్టిన వాటిలో బీరుహాళ్లున్నాయి. (కాటో మేనరులో గుడిసెలకు నేల అద్దెకిచ్చిన భూస్వాములు భారతీయులన్న సంగతి కూడా మనం దాచుకోకూడదు. 1860 నుంచి కూలీలుగా వెళ్లిన మన తెలుగు జిల్లాలవాళ్లూ ఆ నాటాలు సమాజంలో భాగమే.)

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని మాకు తెలుసు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటాన్ని నెత్తిన పెట్టుకున్న మనం బీరు కాచే విద్య రాయడమేమిటి అని. తాగమని ఈ వ్యాసం చెప్పడంలేదు. పైగా మన రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం ఎక్సైజు చట్టం కింద నేరం, అది గుర్తుంచుకోవాలి. నెల్లూరు జిల్లా ఆడవాళ్లు కొట్లాడింది గుండిగలోని పులుపు మీద కాదు, కాంట్రాక్టరు ఇంటి ముంగిటికి తెచ్చిపోసిన ప్రభుత్వ సారా మీద. కాటో మేనరు స్త్రీలు బీరుహాలు మీదికి పోయి, ఇంట్లో తమ కుండను కాపాడుకున్నారు. రెంటిలోనూ ప్రశ్న పులియబెట్టే పని ఎవరి చేతిలో, దాని డబ్బు ఎవరి పెట్టెలో అన్నదే.

హైడ్రోమీటరు చరిత్రా ఇట్లాంటిదే. ఇంగ్లండులో ఏల్ కాచడం చాలాకాలం ఆడవాళ్ల పని. 1300కు 1600కు మధ్య అది వాళ్ల చేయి జారి పెట్టుబడి ఉన్న మగవాళ్ల వ్యాపారమైన తీరును జూడిత్ బెన్నెట్ 1996లో వచ్చిన పుస్తకంలో వివరించింది. పరికరం వచ్చింది ఆ తర్వాతే. జాన్ రిచర్డ్‌సన్ 1784లో బీరు రసాన్ని అంకెలతో కొలిచే పద్ధతిని అచ్చువేశాడు. 1880 నుంచి బ్రిటిషు ప్రభుత్వం బీరు రసం సాంద్రతను బట్టే పన్ను వేసింది, ఇంట్లో కాచుకునేవాళ్లకూ లైసెన్సు పెట్టింది. ఆ లైసెన్సు 1963లో పోయింది. అమెరికాలో ఇంటి బీరుకు ఫెడరల్ అనుమతి 1978 చట్టంతో వచ్చింది. అంటే ఈ గాజుకాడ వందేళ్లకు పైగా ముఖ్యంగా వ్యాపారి చేతిలో, పన్నులవాడి చేతిలో ఉండి, ఈమధ్యనే కాచేవాళ్ల వంటింట్లోకి వచ్చింది. పాలకేంద్రంలో ఆ ఆడమనిషి భయం కూడా పరికరం మీద కాదు. అది ఎప్పుడూ బల్లకు అవతలి పక్కనే ఉంటుంది. ఒకటి కొని ఇంట్లోనే పాలు కొలుచుకుని వస్తే, బల్ల దగ్గర చెప్పే అంకెను ఆమె ప్రశ్నించగలదు.

మిగిలిన సీసాల సంగతి మిత్రుడు రెండో ఉత్తరంలో రాశాడు. చేతితో ముట్టుకోకుండా ముందు అల్మరా మీద మందపాటి దుప్పటి కప్పి, బాయిలరు ఆర్పి, తలుపులు తెరిచి రాత్రంతా గదిని చల్లబడనిచ్చారట. చల్లబడితే వత్తిడి తగ్గుతుంది. పొద్దున మందపాటి కోటు, తోలు చేతిజోళ్లు, కళ్లకు అద్దాలు వేసుకుని ఒక్కొక్క మూత కొంచెం లేపి గ్యాసు వదిలి, అన్నీ పారబోశారు. రెండోసారి కాచినప్పుడు హైడ్రోమీటరు కొన్నాడు. మొదలు 1.046. తొమ్మిదో రోజు 1.013. పన్నెండో రోజు 1.011. తొందరపడకుండా ఇంకో మూడు రోజులు ఆగాడు. పదిహేనో రోజు కూడా 1.011. వేడిచేసిన గ్లాసులో వెన్న వాసన లేదు. ఆ సాయంత్రం సీసాల్లో పోశాడు.